వారానికి గంటన్నర

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం దారిలో... కూర్చోవడం, నడవడం, మాట్లాడటం నేర్పే గదుల్లో పని ఎలా ఉంటుంది?

‘‘ఎన్ని దినాలకు నడుస్తాడు మేడం?’’

పిల్లల థెరపీ గదిలో పనిచేసేవాళ్లు ఈ ప్రశ్న వినని రోజుండదు. హిందూపురంలో దీన్ని తెలుగులో అడుగుతారు, కన్నడంలో అడుగుతారు, దక్కనీ ఉర్దూలో అడుగుతారు. అడిగే తల్లి చంకలో రెండేళ్ల బిడ్డ. కాళ్లు బిగుసుకుపోయి ఉంటాయి. నిలబెడితే మడమలు ఆనవు, వేళ్ల మీదే నిలుస్తాడు. పిడికిలి తెరుచుకోదు. కాన్పు కష్టమైందని, పుట్టగానే ఏడవలేదని, పది రోజులు బాక్సులో పెట్టినారని ఆమె చెబుతుంది. ఆ మూడు మాటలు వినేసరికి థెరపిస్టుకు సగం సంగతి తెలిసిపోతుంది.

జవాబు మాత్రం అంత తేలిగ్గా రాదు. నెల రోజుల్లో అంటే అబద్ధం. నడవడు అనేయడానికీ లేదు, రెండేళ్ల బిడ్డ గురించి అంత పెద్ద మాట అనే హక్కు ఎవరికీ లేదు. ఈ పనిలో కొన్నేళ్లు గడిపినవాళ్లు చివరికి ఒక మాట దగ్గర నిలబడతారు: ‘‘ముందు కూర్చోబెడదామమ్మా. కూర్చుంటే రెండు చేతులూ ఖాళీ అవుతాయి.’’ తల్లికి అది దాటవేతలా వినిపిస్తుంది. కాదు. పడుకున్న బిడ్డకు కనిపించేది పైకప్పు. కూర్చున్న బిడ్డకు మనుషుల ముఖాలు కనిపిస్తాయి, చేతికి బొమ్మ అందుతుంది, ముద్ద సరిగ్గా దిగుతుంది. అంతేకాదు, రెండేళ్ల లోపు ఆసరా లేకుండా కూర్చోగలిగిన పిల్లల్లో ఎక్కువమంది తర్వాత ఏదో ఒక రీతిలో నడుస్తారని వైద్యులు ఎప్పుడో గమనించారు.

ఆ బిడ్డకున్నది సెరిబ్రల్ పాల్సీ. అంటే మెదడు ఎదిగే వయసులో దానికి తగిలిన దెబ్బ వల్ల కదలికల్లో వచ్చే ఇబ్బంది. ప్రాణవాయువు అందకపోవడం, నెలలు నిండకముందే పుట్టడం, పుట్టిన తొలి రోజుల్లో కామెర్లు ముదరడం, ఇన్‌ఫెక్షన్లు... కారణాలు చాలా ఉన్నాయి. మెదడుకు తగిలిన ఆ దెబ్బ తర్వాత పెరగదు. కానీ బిడ్డ ఎముకలు పెరుగుతాయి. బిగుసుకున్న కండరం వాటితో సమానంగా సాగదు. అందుకే ఏడాది వయసులో మెత్తగా వంగిన చీలమండ ఆరేళ్లకు మొరాయిస్తుంది. ఈ పిల్లల కదలికలను కొలవడానికి కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 1997లో ఐదు మెట్ల కొలమానం తయారుచేశారు. మొదటి మెట్టు బిడ్డ పరుగెత్తుతాడు. ఐదో మెట్టు బిడ్డకు మెడ నిలపడానికీ ఆసరా కావాలి. థెరపీ చేయిస్తే ఐదు నుంచి ఒకటికి దూకుతారని ఎవరైనా చెబితే నమ్మకూడదు. ఉన్న మెట్టు మీద బిడ్డ ఎంత బాగా బతకగలడు, ఒళ్లు వంకరపోకుండా ఎంత కాపాడగలం... అసలు పని ఇది.

ఒకప్పుడు మన ఊళ్లలో పిల్లల వైకల్యం అనగానే పోలియో గుర్తొచ్చేది. కాలికి క్యాలిపర్, చంకలో కర్ర. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లో వచ్చింది. 2014 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మనకు పోలియోరహిత ధ్రువపత్రం ఇచ్చింది. ఇప్పుడు థెరపీ గదికి వచ్చే పిల్లలు వేరు. ఒకప్పుడైతే బతకని కిలోన్నర బిడ్డలు ఇప్పుడు బతుకుతున్నారు. వాళ్లలో కొందరికి ఎదుగుదల ఆలస్యం అవుతుంది. పేరు పెట్టి పిలిస్తే తిరగని పిల్లలు వస్తున్నారు, నాలుగేళ్లొచ్చినా మాటలు రాని పిల్లలు వస్తున్నారు. క్యాలిపర్ ఒకసారి కొలిచి చేయిస్తే కొంతకాలం నడిచేది. వీళ్లకు అలా కాదు, ఏళ్ల తరబడి మనిషి కావాలి.

చంకనెత్తుకోవడమే వ్యాయామం

వారానికి 168 గంటలు. ఈ ఊళ్లలో అదృష్టం బాగున్న బిడ్డకు వారానికి రెండుసార్లు థెరపీ దొరుకుతుంది. ఒక్కోసారి ముప్పావుగంట. మొత్తం గంటన్నర. నూటికి ఒక పాలు కూడా కాదు.

ఈ లెక్క ఒంటబట్టిన రోజున థెరపిస్టు పనిచేసే తీరే మారిపోతుంది. ఆ గంటన్నరలో తాను బిడ్డ కాళ్లు ఎంత చక్కగా సాగదీసినా మిగతా నూట అరవై ఆరున్నర గంటలు ఆ కాళ్లు ఇంట్లో ఉంటాయి. కాబట్టి గదిలో అసలు శిష్యురాలు తల్లి. కొన్నిచోట్ల జేజి. మంచి థెరపిస్టు బిడ్డను తన చేతుల్లోనే ఉంచుకోదు. తల్లి చేతుల మీద తన చేతులు వేసి, మోకాలు ఎక్కడ పట్టాలో, ఎంత నెమ్మదిగా సాగదీయాలో, కండరం ఎక్కడ ఎదురుతిరుగుతుందో తల్లికే తెలిసేట్టు చేస్తుంది. పుస్తకంలోని భాష అక్కడ పనికిరాదు. ‘‘బిగిసినప్పుడు లాగొద్దమ్మా, ఆగు. వదిలినప్పుడు ముందుకు పో.’’ అంతే.

ఇక్కడే ఒక చిక్కుంది, దాన్ని దాచకూడదు. మందంతా తల్లి చేతుల్లో ఉందంటే, బిడ్డ బాగుపడకపోతే తప్పంతా తల్లిదే అన్నట్టవుతుంది. ‘‘ఇంట్లో చేయిస్తున్నారా?’’ అని థెరపిస్టు మామూలుగానే అడుగుతుంది. ఎదుటి మనిషికి అది కోర్టు బోనులో అడిగినట్టే ఉంటుంది. తెల్లారకముందే లేచి నీళ్లు పట్టి, సంగటి కెలికి, కూలికో మగ్గానికో పోయి, ఇంకో బిడ్డను బడికి పంపి, అత్తగారి నోట ‘మా వంశంలో ఇట్లాంటిది లేదు’ అనే మాట పడి వచ్చిన మనిషి ఆమె. రోజుకు మూడుసార్లు ఇరవై నిమిషాల చొప్పున వ్యాయామాలు రాసిచ్చి పంపితే ఆమె మూడో వారం నుంచి గదికి రావడం మానేస్తుంది. చేయలేదని చెప్పడానికి సిగ్గుపడి మానేస్తుంది.

ఈ సంగతి గ్రహించిన థెరపిస్టు వ్యాయామాన్ని పనిలో కలిపేస్తుంది. కాళ్లు దగ్గరికి బిగుసుకుపోయే బిడ్డను మన ఆడవాళ్లు ఎప్పుడూ ఎత్తుకున్నట్టే చంకనెత్తుకోమంటుంది. నడుముకు అటో కాలు ఇటో కాలు. అలా ఎత్తుకున్నంతసేపూ తొడల లోపలి కండరాలు సాగుతూనే ఉంటాయి. బావికాడికి పోతున్నా, అంగడికి పోతున్నా, పక్కింట్లో మాట్లాడుతున్నా వ్యాయామం జరిగిపోతూనే ఉంటుంది. బొంతలో చుట్టి రెండు చేతుల మీద పసిబిడ్డలా మోస్తే ఈ మేలు దక్కదు. స్నానం చేయించేటప్పుడు జేజి కాళ్లు చాపి బిడ్డను బోర్లా పడుకోబెట్టుకుంటుంది కదా, ఆ భంగిమలో బిడ్డ తల పైకెత్తడానికి ప్రయత్నిస్తాడు. మెడ నిలవడానికి అంతకంటే మంచి సాధన లేదు. జేజికి నలుగు పెట్టడం తెలుసు. ఆ చేతికి కొత్తగా చెప్పవలసింది రెండు విషయాలే: బలంగా రుద్దొద్దు, బిగిసిన కాలును విదిలించొద్దు. రొద్దం, సోమందేపల్లి వైపు పల్లెల్లో తల్లిదండ్రులు బెంగళూరులో కట్టడం పనులకు పోతే బిడ్డలు జేజి దగ్గరే ఉంటారు. అట్లాంటి ఇళ్లలో ఈ జేజే థెరపిస్టు. ఆమెకు చదువు రాదని కాగితం ముక్క ఇచ్చి పంపేయడం కంటే, ఒక గంట కూర్చుని చేయించి చూపడం వెయ్యిరెట్లు మేలు.

తిండి దగ్గర కూడా అంతే. పడుకోబెట్టి పాలు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఆ పిల్లలకు మాటిమాటికీ వచ్చే నిముకు చాలాసార్లు మూలం అదే. వెన్ను నిటారుగా, గడ్డం కొంచెం కిందికి వంచి కూర్చోబెట్టి పెట్టాలి. పలచటి నీళ్లు మింగలేని బిడ్డ కొంచెం చిక్కటి రాగిజావ మింగగలడు. సంగటి మెత్తగా, చిన్న ముద్దలుగా పెట్టవచ్చు. ఈ ప్రాంతంలో ప్రతి ఇంట్లో ఉండే చెనక్కాయలు మాత్రం నమలలేని బిడ్డకు ప్రాణాపాయం. గొంతుకు అడ్డం పడతాయి. మొదటి రోజే చెప్పవలసిన మాట ఇది.

ఖరీదైన సామాను లేకపోతే థెరపీ జరగదనేది అపోహ. డేవిడ్ వెర్నర్ అనే ఆయన మెక్సికో కొండ పల్లెల్లో వికలాంగులతో కలిసి పనిచేసి 1987లో ‘డిజేబుల్డ్ విలేజ్ చిల్డ్రన్’ అనే పుస్తకం తెచ్చారు. అట్టముక్కలతో కుర్చీ, వెదురుతో నడక కమ్ములు, పాత ట్యూబులతో పట్టీలు ఎలా చేసుకోవాలో బొమ్మలు గీసి చూపించిన పుస్తకం. ప్రపంచమంతా పల్లెల్లో పనిచేసే థెరపిస్టులు ఇప్పటికీ దాన్ని తిరగేస్తూనే ఉంటారు. ధర్మవరంలో గుంతమగ్గం ఉన్న ఇంట్లో నేత నేసే మనిషి కాళ్లు గుంతలోకి దించి కూర్చుంటాడు. పక్కన ఆడవాళ్లు రాట్నం మీద కండెలు చుడుతుంటారు. బిడ్డ మూలన చాప మీద పడుకుని ఉంటాడు. ఆ మూలనే గోడల ఆసరాతో మూలకుర్చీ అమర్చితే బిడ్డ లేచి కూర్చుని అందరినీ చూస్తాడు. చూపు నిలపడం రాని బిడ్డ ముందు ఎర్రటి పట్టుదారపు చిలపను నెమ్మదిగా అటూ ఇటూ కదిపితే కళ్లు దాని వెంట పోవడం మొదలుపెడతాయి. బొమ్మల షాపులో దొరికేవాటికంటే ఆ మెరుపు ఎక్కువ.

వస కొమ్ము, బొరుగుల డబ్బా

‘‘మా జేజినాయన కూడా ఐదేండ్లకు మాట్లాడినాడంట.’’

మాటలు ఆలస్యమైన బిడ్డను స్పీచ్ థెరపిస్టు దగ్గరికి తెచ్చేలోపు ఇంట్లో చాలా ప్రయత్నాలు జరిగి ఉంటాయి. వస కొమ్ము అరగదీసి నాలుకకు రాసి ఉంటారు. నాలుక కింద నరం కోయించి ఉంటారు. పెనుకొండ బాబయ్య దర్గాకు మొక్కుకుని ఉంటారు, కదిరి నరసింహస్వామికి మొక్కుకుని ఉంటారు. ఇందులో దేన్నీ హేళన చేయను. బిడ్డ కోసం దిక్కుతోచని మనుషులు చేసే పనులవి. బాధ ఒక్కటే: వీటి మధ్య రెండేళ్లు గడిచిపోతాయి. మెదడు అన్నిటికంటే చురుగ్గా నేర్చుకునే రెండేళ్లు అవే.

ఏడాది నిండేసరికి ఒకటో రెండో మాటలు, రెండేళ్లకు ‘అమ్మ రా’, ‘పాలు ఇవ్వు’ లాంటి జంట మాటలు రావాలి. రాకపోతే ఎదురుచూడకూడదు. మొట్టమొదట చేయించవలసింది వినికిడి పరీక్ష. వినపడని బిడ్డకు మాటలు ఎక్కడినుంచి వస్తాయి? వరసైన సంబంధాలు చేసుకునే అలవాటున్న మన రాయలసీమలో పుట్టు చెవుడు విషయంలో ఇంకాస్త మెలకువగా ఉండాలి. పుట్టిన రోజుల్లోనే చేయగలిగే వినికిడి పరీక్షలున్నాయి. చెవి లోపల అమర్చే కాక్లియర్ పరికరం శస్త్రచికిత్సకు ఆరోగ్యశ్రీ పేరుతో మొదలైన ప్రభుత్వ పథకం సాయం ఉంది. ఆ పథకం 2007 ఏప్రిల్‌లో మొదలైన మూడు జిల్లాల్లో మన ఉమ్మడి అనంతపురం ఒకటి. అయితే ఆపరేషన్ అయిన మర్నాడే బిడ్డ మాట్లాడడు. పరికరం నుంచి వచ్చే శబ్దాన్ని మాటగా గుర్తుపట్టడం మెదడుకు నేర్పాలి. అది నెలల తరబడి సాగే పని. ఆపరేషన్ బెంగళూరులోనో హైదరాబాదులోనో జరగవచ్చు, ఆ తర్వాతి పని జరగవలసింది బిడ్డ ఉండే ఊళ్లోనే.

చెవులు బాగానే ఉండి మాట రాని పిల్లల్లో కొందరికి ఆటిజం ఉంటుంది. వాళ్లతో మొదటి వారాల పని బయటివాళ్ల కంటికి పనిలాగే కనిపించదు. పిల్లవాడు గదిలో గుండ్రంగా తిరుగుతాడు. స్విచ్చి వేస్తాడు, ఆర్పుతాడు, వేస్తాడు. బొమ్మకారు ఇస్తే నడపడు, తిరగేసి చక్రం తిప్పుతూ కూర్చుంటాడు. థెరపిస్టు వాడి పక్కనే నేలమీద కూర్చుని, తనూ ఇంకో కారు తిరగేసి చక్రం తిప్పుతుంది. తండ్రి తలుపు దగ్గర నిలబడి చూస్తుంటాడు. మాటలు నేర్పమని తెస్తే ఈమె కూడా చక్రాలు తిప్పుతోందే అని ఆయనకు కష్టంగా ఉంటుంది. చాలాసేపటికి పిల్లవాడు ఒక్క క్షణం ఆమె చేతిని, తర్వాత ఆమె ముఖాన్ని చూస్తాడు. ఆ చూపు కోసమే ఆమె అంతసేపూ చక్రం తిప్పింది. తన లోకంలోకి ఇంకో మనిషి వచ్చిందని వాడు గుర్తించాడు. మాటకు పునాది అదే.

తర్వాత బొరుగుల డబ్బా వస్తుంది. మూత గట్టిగా బిగించిన గాజుసీసా, లోపల వాడికిష్టమైన బొరుగులు. పిల్లవాడు ఆమె చెయ్యి పట్టుకుని మూత మీద పెడతాడు. ఆమె వెంటనే తీయదు. వాడి వైపు చూస్తూ ఆగుతుంది. పది సెకన్లు. పక్కనున్న తల్లికి అది యుగం. బిడ్డ ఏడుస్తాడేమోనని ఆమె లేవబోతుంది. థెరపిస్టు చేత్తో సైగ చేసి ఆపుతుంది. ‘‘ఇవ్వు’’ అంటుంది, మూత తీస్తుంది, నాలుగు బొరుగులు చేతిలో పెడుతుంది. మళ్లీ మూత బిగిస్తుంది. రోజులు గడుస్తాయి. ఒకరోజు పిల్లవాడు ఆమె చెయ్యి లాగకుండా తన చూపుడు వేలు డబ్బావైపు చాపుతాడు. ఈ రంగంలో ఉన్నవాళ్లకు ఆ వేలు విలువ తెలుసు. మిగతా పిల్లలు ఏడాది వయసు చుట్టుపక్కల ఎవరూ నేర్పకుండానే చేసే పని అది. ఇక్కడ దానికి నెలలు పట్టింది. ఆ రోజు ఇంటికి పోయేటప్పుడు థెరపిస్టు నడకే వేరుగా ఉంటుంది.

సెల్‌ఫోన్ వల్లే ఆటిజం వచ్చిందని తల్లులు తమను తామే తిట్టుకుంటుంటారు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో కియా కార్ల తయారీ మొదలయ్యాక పక్క జిల్లాల నుంచీ రాష్ట్రాల నుంచీ వచ్చి కాపురం పెట్టిన చిన్న కుటుంబాల్లో ఈ మాట మరీ వినిపిస్తుంది. అత్తామామలు లేరు, తెలిసిన గుమ్మం లేదు. వంట పూర్తయ్యేదాకా బిడ్డ చేతిలో ఫోను. ఆటిజం పుట్టుకతో మెదడు ఎదిగే తీరులోని తేడా, ఫోను దానికి కారణం కాదు. కానీ తెర ముందు గడిచే గంటల్లో ఎవరూ బిడ్డతో మాట్లాడరు, బిడ్డ ఎవరినీ ఏమీ అడగడు. రెండేళ్ల లోపు పిల్లలకు తెర అసలే వద్దని, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు గంట దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. తల్లిమీద నేరం మోపకుండానే ఫోను పక్కన పెట్టించడం, ఆ ఖాళీలో ఏం చేయాలో చూపించడం థెరపిస్టు నేర్పుకే పరీక్ష.

ఇంకో అపోహ వల్ల జరిగే నష్టం నాకు బాగా కోపం తెప్పిస్తుంది. ఇంట్లో కన్నడమో ఉర్దూనో మాట్లాడుతూ వీధిలో తెలుగు మాట్లాడే కుటుంబాలు హిందూపురంలో కొల్లలు. వాళ్లకు చుట్టుపక్కలవాళ్లందరూ కలిసి ‘భాషలెక్కువై బిడ్డ తికమక పడుతున్నాడు, ఇంగ్లిషు ఒక్కటే మాట్లాడండి’ అని చెబుతారు. రెండు భాషలు వినడం వల్ల మాట ఆలస్యం కాదని, ఆటిజం ఉన్న పిల్లలకు కూడా దానివల్ల చెరుపు లేదని పరిశోధనలు చెబుతున్నాయి. తల్లికి ఇంగ్లిషు రాదు. రాని భాషలో ఆమె బిడ్డతో రెండు ముక్కలు మాట్లాడి ఊరుకుంటుంది. వచ్చిన భాషలో అయితే కబుర్లు చెబుతుంది, పాడుతుంది, కోప్పడుతుంది, ముద్దు చేస్తుంది. మాట పుట్టేది ఆ భాషలో. గదిలో వాడే బొమ్మల అట్టలు కూడా అలాగే ఉండాలి. మంచుబొమ్మను చూపించి పేరు చెప్పమంటే హిందూపురం బిడ్డకేం తెలుస్తుంది? పొరక, చేట, బిందె, ఆటో, మేకపిల్ల చూపించాలి. తమ చేత్తో ఇలాంటి అట్టలు గీసుకునే థెరపిస్టులకు దండం పెట్టాలి.

దగ్గరగా ఉండటమే వైద్యం

హిందూపురం నుంచి బెంగళూరు వంద కిలోమీటర్లు. నిమ్హాన్స్ ఉంది, స్పాస్టిక్స్ సొసైటీ ఆఫ్ కర్ణాటక ఉంది, పిల్లల పెద్దాసుపత్రులున్నాయి. జబ్బు తేల్చడానికి అక్కడికి పోవలసిందే, పోతారు. కానీ వారానికి రెండుసార్లు పోగలరా? తెల్లవారుజామున రైలు, జనరల్ బోగీలో మెడ నిలవని బిడ్డ, స్టేషన్ నుంచి ఆటో, గంట ఎదురుచూపు, ముప్పావుగంట థెరపీ, తిరుగు రైలు. తల్లి రోజు కూలి పోయె, తోడు వచ్చిన తండ్రిది కూడా పోయె. మూడు నెలలు తిరిగి నగలు తాకట్టు పెట్టి ఆగిపోతారు. ధర్మవరం నుంచి అయితే దూరం ఇంకా ఎక్కువ. గొప్ప కేంద్రం దూరాన ఉండటం కంటే, సాదా గది పక్క వీధిలో ఉండటం ఈ పిల్లలకు మేలని నేను గట్టిగా నమ్ముతాను. ఈ వైద్యానికి కావలసింది పెద్ద యంత్రాలు కాదు. ఒక చాప, ఓపిక తెలిసిన మనిషి, ఏళ్ల తరబడి వదలకుండా వచ్చే వీలు.

ఉమ్మడి అనంతపురం జిల్లాకు ఈ విషయంలో ఒక అనుభవం ఉంది. 1969లో విన్సెంట్ ఫెర్రర్ అనంతపురం వచ్చి మొదలుపెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ పల్లెపల్లెనా వికలాంగుల సంఘాలు పెట్టించింది, ప్రత్యేక బడులు నడిపింది. ధర్మవరానికి దగ్గర్లోని బత్తలపల్లిలో 2000లో ఆసుపత్రి తెరిచింది. వికలాంగుడైన బిడ్డను ఇంట్లో దాచకుండా బయటికి తీసుకురావడం ఈ జిల్లాలో చాలా పల్లెలకు ఆ సంఘాల వల్లే అలవాటైంది.

ప్రభుత్వ ఏర్పాటు కూడా కాగితం మీద చక్కగానే ఉంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద సంచార వైద్య బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, బడులకు ఒకసారి వచ్చి పిల్లల్ని చూడాలి. లోపం కనిపిస్తే జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపాలి. పిల్లల డాక్టరు, ఫిజియోథెరపిస్టు, వినికిడి, మాటల నిపుణులు, మనస్తత్వ నిపుణులు, ప్రత్యేక ఉపాధ్యాయులు ఒకే కప్పు కింద ఉండాలన్నది ఆలోచన. మండలాల్లో సమగ్ర శిక్ష కింద భవిత కేంద్రాలున్నాయి. బడి ఆవరణలో ఒక గది, ప్రత్యేక అవసరాల పిల్లలకు చదువు చెప్పే టీచర్లు, నిర్ణీత రోజున వచ్చే ఫిజియోథెరపిస్టు. కదలలేని బిడ్డ ఉంటే ఆ టీచర్లే ఇంటికి వెళ్లి చెబుతారు. మండుటెండలో స్కూటీ మీద పల్లె పల్లె తిరిగే ఈ టీచర్ల గురించి పత్రికల్లో రావలసినంత రాలేదు. వాళ్లు ఒప్పంద ఉద్యోగులు. ఏళ్ల తరబడి చేయవలసిన పనిని ఏడాదికోసారి కొనసాగింపు ఉత్తర్వు కోసం ఎదురుచూసే మనుషులతో చేయిస్తున్నాం. ఒక టీచరు మారితే ఆటిజం ఉన్న బిడ్డ కొత్త మనిషికి అలవాటు పడేసరికి సగం ఏడాది పోతుంది. ఈ పోస్టులు శాశ్వతం కావాలి. మాటల థెరపిస్టు ప్రతి పట్టణంలోనూ ఉండాలి.

పింఛను సంగతి చెప్పకపోతే ఈ కథనం అసంపూర్ణం. 2024 జులై నుంచి రాష్ట్రంలో వికలాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలైంది, పూర్తిగా మంచానపడ్డవాళ్లకు 15,000. వానలు సరిగ్గా పడని ఈ నేలమీద అది ఒక కుటుంబాన్ని నిలబెట్టే డబ్బు. 2025లో ధ్రువపత్రాల పునఃపరిశీలన మొదలైనప్పుడు చాలా ఇళ్లలో భయం పుట్టింది. బిడ్డ కొంచెం బాగుపడితే శాతం తగ్గుతుందేమో, నలభై కిందికి పోతే పింఛను ఆగుతుందేమో! థెరపిస్టు ‘‘చూడండి, నాలుగడుగులు వేసినాడు’’ అంటే తల్లి ముఖంలో సంతోషం, వెంటనే సందేహం. ఆ తల్లిని ఎవరూ తప్పుపట్టకూడదు. బాగుపడటానికీ తిండికీ మధ్య ఎంచుకోవలసిన అవసరం ఆమెకు రాకుండా చూడటం ప్రభుత్వం పని.

దగ్గర్లో థెరపీ దొరకని ఈ ఖాళీల్లోకే ఆశను అమ్ముకునేవాళ్లు వస్తారు. ఆటిజానికి మూలకణ చికిత్స చేస్తామని లక్షలు అడుగుతారు. దాన్ని సిఫారసు చేయలేమని జాతీయ వైద్య కమిషన్ 2022 డిసెంబరులోనే స్పష్టం చేసింది. బోర్డు పెట్టుకున్న ప్రతి గదీ థెరపీ కేంద్రం కాదు. మాటల నిపుణులకూ ప్రత్యేక ఉపాధ్యాయులకూ 1992 చట్టం ప్రకారం భారత పునరావాస మండలిలో నమోదు సంఖ్య ఉంటుంది. అడిగి చూడవచ్చు, సిగ్గుపడనక్కర్లేదు. తల్లిని గదిలోకి రానివ్వకుండా తలుపు మూసి చేసే థెరపీని అనుమానించాలి.

ఈ పని చేసేవాళ్ల ఒంటిగురించి ఎవరూ అడగరు. రోజంతా నేలమీదే. మోకాళ్లు, నడుము, మణికట్లు అరుగుతాయి. పెద్దవాళ్లవుతున్న పిల్లలను ఎత్తి దించాలి. ముంజేతుల మీద గోళ్ల గాట్లు, పంటి గాట్లు ఉంటాయి. భయపడిన బిడ్డ కొరికాడని వాళ్లకు తెలుసు, ఇంట్లోవాళ్లకు చెప్పుకోవడమే కష్టం. ఎనిమిదో బిడ్డ దగ్గరికి వచ్చేసరికి మొదటి బిడ్డతో పాడినంత హుషారుగా పాట పాడాలి. నిమ్ముతో ఒక బిడ్డ పోయిన వారం కూడా పాడాలి. ఏళ్లుగా వచ్చిన పిల్లలు పోతే ఏడవడానికి ఆ గదిలో చోటుండదు, బయట ఇంకో తల్లి కూర్చుని ఉంటుంది. తోటి థెరపిస్టు ఉంటే మాట్లాడుకుంటారు. చిన్న ఊళ్లలో చాలామంది ఒంటరిగా పనిచేస్తారు. జీతం తక్కువని, నేర్చుకోవడానికి సీనియర్లు లేరని రెండేళ్లకే బెంగళూరు వెళ్లిపోయేవాళ్లను నిందించలేం. ఉండిపోయినవాళ్లను నిలబెట్టుకోవాలి.

జూన్‌లో బడులు తెరిచాక వాళ్ల ఫోన్లకు కొత్తరకం కాల్స్ మొదలవుతాయి. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఇరవై ఒక్క రకాల వైకల్యాలను గుర్తించింది, నలభై శాతం, అంతకుమించి వైకల్యం ఉన్న పిల్లలకు ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల వరకు ఉచిత చదువును హక్కు చేసింది. పల్లె బడి టీచరుకు చట్టం తెలుసు, బిడ్డను ఏం చేయాలో తెలియదు. ‘‘ఎక్కడ కూర్చోబెట్టల్ల మేడం? గంట కొడితే చెవులు మూసుకుంటాడు. పెన్సిల్ పట్టుకోలేడు. ఒంటేలుకు ఎట్ల?’’ జవాబులున్నాయి. ముందు వరుసలో, కిటికీకి దూరంగా. పాదాలు నేలకు ఆనకపోతే కింద రెండు ఇటుకలు. పెన్సిలుకు గుడ్డపీలిక చుట్టి లావు చేయండి. గంట కొట్టబోయే ముందు వాడికి సైగ చేసి చెప్పండి. మరుగుదొడ్డి గోడకు వాడి నడుమెత్తున ఒక ఇనుప పైపు బిగిస్తే పట్టుకుని తనే లేస్తాడు.

ఆ పైపు జూన్‌లోనే బిగించాలి. దసరా సెలవుల దాకా ఆగితే పిల్లవాడు బడి మానేస్తాడు.